కెరీర్ కౌన్సెలర్లకు ఏడాదికి 40 గంటల నిరంతర శిక్షణ: ఏది లెక్కలోకి వస్తుంది, ఏది రాదు?

శ్రీలత_తార్నాక
మా జూనియర్ కాలేజీలో కెరీర్ కౌన్సెలర్లం ముగ్గురం. ఆగస్టు నుంచి ఒక్కొక్కరికి ఏడాదికి 40 గంటల శిక్షణకి యాజమాన్యం ఒప్పుకుంది. టైమ్ ఇస్తారు, కొంత డబ్బూ ఇస్తారు. కానీ లెక్క అడుగుతున్నారు. వెబినార్ సర్టిఫికెట్ ఉంటే గంటల కింద రాసుకోవచ్చా? ఈఏపీసెట్ నోటిఫికేషన్ చదవడం శిక్షణ కిందికి వస్తుందా, రోజువారీ పనేనా? గంటలతో సహా ఒక ప్లాన్ చెప్పగలిగితే మేలు. పొగడ్తలు వద్దు, లోపాలు చెప్పండి.

రఘురాం_నల్లకుంట
శ్రీలత గారూ, మన దేశంలో కెరీర్ కౌన్సెలర్లకి చట్టబద్ధమైన రిజిస్టర్ లేదు కాబట్టి ఇన్ని గంటలు చేసి తీరాలన్న నిబంధనా లేదు. 40 అన్నది మీరు పెట్టుకున్న అంకె. పోలిక కోసం చూస్తే, బ్రిటన్‌లో కెరీర్ డెవలప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ రిజిస్టర్‌లో ఉన్నవాళ్ళు ఏడాదికి 25 గంటలు చూపాలి. జాతీయ విద్యా విధానం 2020 మన టీచర్లకి ఏడాదికి 50 అంది. 40 ఎక్కువా కాదు, తక్కువా కాదు.

గంటలు పంచే ముందు లోటు ఎక్కడుందో చూడండి. పోయిన ఏడాది కేసు ఫైళ్ళలోంచి 30 తీయండి. బాగున్నవి ఏరుకోకుండా వరసలో ప్రతి పదో ఫైలూ తీయాలి. ఒక్కోదానికి మూడు ప్రశ్నలు వేసుకోండి. అడిగినదానికి మన దగ్గర జవాబు లేకపోయిందా? చెప్పింది తర్వాత తప్పని తేలిందా? జవాబు సరైనదే అయినా విద్యార్థి దాన్ని వాడుకోలేకపోయాడా? మొదటిది సమాచారం లోటు, రెండోది ఎక్కణ్ణుంచి తెలుసుకుంటున్నామన్న దాంట్లో లోటు, మూడోది మాట్లాడే నైపుణ్యంలో లోటు. వెబినార్ మొదటిదానికి కొంత పనికొస్తుంది, మూడోదానికి అస్సలు పనికిరాదు. చాలాచోట్ల జరిగే పొరపాటు ఇదే: లోటు మూడో రకానిది, డబ్బు పెట్టేది మొదటి రకానికి.

నా పంపకం: కేసు సమీక్ష 12, ప్రవేశ నిబంధనలు 8, ఉద్యోగ మార్కెట్, ఫీల్డ్ విజిట్లు కలిపి 9, సైకోమెట్రిక్ పరీక్షలు (సామర్థ్యాలు, ఆసక్తులు కొలిచేవి) 6, నైతికత, డేటా 3, సిద్ధాంతం 2. మొత్తం 40.

నోటిఫికేషన్ చదవడం పనే. పోయిన ఏడాదిదీ ఈ ఏడాదిదీ పక్కపక్కన పెట్టి, మారిన ప్రతి వాక్యాన్నీ పట్టుకుని, ఒక పేజీ నోట్ రాసి మిగతా ఇద్దరికీ వివరిస్తే అది శిక్షణ.

పద్మజ_సైకాలజీ
సిద్ధాంతానికి 2 గంటలేనా రఘురాం గారూ? వంటలో ఉప్పు వేసినట్టుంది.

పేర్లు బట్టీ పట్టడానికి అడగట్లేదు. 1994లో లెంట్, బ్రౌన్, హ్యాకెట్ ప్రతిపాదించిన సోషల్ కాగ్నిటివ్ కెరీర్ థియరీ తీసుకోండి. 'నాకు మ్యాథ్స్ రాదు' అనే పిల్ల, 'మ్యాథ్స్ చదివినా ఏం లాభం' అనే పిల్ల ఫైల్లో ఒకేలా కనిపిస్తారు, ఎంపీసీ వద్దన్నారు అని. కానీ మొదటిది తన సామర్థ్యం మీద నమ్మకం, రెండోది ఫలితం మీద అంచనా. మొదటి పిల్లకి గతంలో తను సాధించిన లెక్కలు గుర్తుచేసి చిన్న విజయాలు కల్పించాలి. రెండో పిల్లకి సమాచారం ఇవ్వాలి. తారుమారైతే రెండూ వృథా. ఈ తేడా పట్టుకోవడానికి 2 గంటలు చాలవు. నైతికతతో కలిపి 8 చేయండి, సైకోమెట్రిక్స్‌లోంచి కొంత కోసేయండి.

కేసు సమీక్ష ఎలా నడపాలో కూడా చెప్తాను, ఎక్కువగా చెడేది అక్కడే. ఒక సెషన్ 75 నిమిషాలు. మొదటి 5 నిమిషాల్లో కేసు తెచ్చినవాళ్ళు తమకు ఏం కావాలో ఒక ప్రశ్నగా చెప్పాలి. తర్వాత 10 నిమిషాలు కేసు వివరం, పేరు, సెక్షన్, ఊరు లేకుండా. 15 నిమిషాలు స్పష్టత కోసం ప్రశ్నలు మాత్రమే. 'మరి మీరు అలా చేసి ఉండాల్సింది' లాంటి సలహా ప్రశ్న వేషంలో వచ్చినా ఆపేయాలి. 10 నిమిషాలు ఆ కౌన్సెలింగ్ రికార్డింగ్ వినడం. 20 నిమిషాలు మిగతావాళ్ళ చర్చ, తెచ్చినవాళ్ళు నోరు మెదపకూడదు. ఆ తర్వాత 10 నిమిషాలు వాళ్ళ స్పందన, వచ్చే సెషన్‌లో చేసి చూడబోయే ఒక్క మార్పు. చివరి 5 నిమిషాలు లాగ్ రాసుకోవడం. ఆగస్టు నుంచి మార్చి వరకు నెలకొకటి పెడితే 8 సెషన్లు, 10 గంటలు. మిగిలిన 2 గంటలు ఎవరి రికార్డింగ్ వాళ్ళు వినడానికి.

మీరు ముగ్గురే కదా, ఇంకో కాలేజీ నుంచి ఇద్దర్ని పిలవండి. ఒకే గూటివాళ్ళయితే హెడ్ కౌన్సెలర్ మాటే చివరి మాటవుతుంది. ఆరుగురు దాటితే ఇద్దరు మాట్లాడతారు, మిగతావాళ్ళు టీ తాగుతారు.

రికార్డింగ్ వినేటప్పుడు అభిప్రాయాలు పక్కన పెట్టి లెక్కపెట్టండి. ఏదైనా 10 నిమిషాల ముక్క తీసుకుని, కౌన్సెలర్ ఎన్ని నిమిషాలు మాట్లాడారు, తల్లిదండ్రులు ఎన్ని, విద్యార్థి ఎన్ని అని చూడండి. అవును, కాదు అనే జవాబుతో అయిపోయే ప్రశ్నలెన్ని, విప్పి చెప్పించే ప్రశ్నలెన్ని? మొదటి సలహా ఎన్నో నిమిషంలో వచ్చింది? కుటుంబం మొత్తం వచ్చి కూర్చున్నప్పుడు విద్యార్థి వాటా తేలిగ్గా అడుగంటుతుంది. అలాంటి రికార్డింగ్ చూశాక నేర్చుకోవాల్సిన నైపుణ్యం ఒకటే: మర్యాద చెడకుండా పెద్దల్ని 15 నిమిషాలు బయట కూర్చోబెట్టడం.

బాలాజీ_కూకట్‌పల్లి
అన్నీ మంచిగనే చెప్తున్నరు గానీ, పేరెంట్స్ అడిగేది ఒక్కటే: మా పిల్లగాడికి ఇంత ర్యాంక్ వచ్చింది, సీఎస్ఈ ఏడ వస్తది? దీనికి 12 గంటల కేసు సమీక్ష ఎందుకు? ర్యాంక్ ప్రిడిక్టర్ ఒకటి కొంటే సాలదా?

ఇమ్రాన్_టోలీచౌకి
బాలాజీ భాయ్, ఆ ఒక్క ప్రశ్నకి సరిగ్గా జవాబు చెప్పాలన్నా శిక్షణ కావాలి. ప్రిడిక్టర్ చేసేది పోయిన ఏడాది చివరి ర్యాంకుల (ఒక్కో బ్రాంచిలో సీటు దక్కిన ఆఖరి ర్యాంకుల) పట్టిక తీసుకుని చూపించడమే. ఆ పట్టిక ఎక్కడ మోసం చేస్తుందో చూడండి.

మొదటిది, ఏ దశ పట్టిక? తొలి దశ సీట్ల కేటాయింపు అయ్యాక వచ్చిన చివరి ర్యాంకుకీ ఆఖరి దశ అయ్యాక వచ్చినదానికీ చాలా తేడా ఉంటుంది. చాలామంది గూగుల్‌లో ముందు దొరికిన పీడీఎఫ్ పట్టుకుంటారు.

రెండోది, సీట్ల సంఖ్య. 2024-25 నుంచి ఏఐసీటీఈ (సాంకేతిక విద్యని నియంత్రించే కేంద్ర మండలి) బాగా నడిచే కాలేజీలకి బ్రాంచీలో సీట్ల గరిష్ఠ పరిమితి ఎత్తేసింది. ఒక కాలేజీ సీఎస్ఈలో సీట్లు పెంచి, మరో బ్రాంచి మూసేస్తే పాత ర్యాంకు పనికిరాదు. ఈ ఏడాది ఆమోదించిన సీట్లెన్నో ముందు చూడాలి. అందులోనూ ప్రైవేటు కాలేజీల్లో కన్వీనర్ కోటా (ర్యాంకు మీద కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లు) 70 శాతమే.

మూడోది, కేటగిరీలు. తెలంగాణలో 2025లో ఎస్సీ వర్గీకరణ చట్టం వచ్చింది: గ్రూప్-1కి 1 శాతం, గ్రూప్-2కి 9, గ్రూప్-3కి 5. అంతకుముందు పట్టికలో ఎస్సీ అని ఒకే గడి ఉండేది. ఆ గడి చూసి ఇప్పుడు గ్రూప్-1 పిల్లాడికి జవాబు చెప్పడమంటే ఊహాగానమే.

నాలుగోది, స్థానికత. విభజన చట్టంలోని పదేళ్ళ ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్ 2తో ముగిసింది. 2025-26 నుంచి 15 శాతం అన్‌రిజర్వ్‌డ్ (స్థానికులకి కేటాయించని) సీట్ల నియమమూ మారింది. ఎంబీబీఎస్‌లో స్థానికులుగా లెక్కలోకి రావాలంటే 2024 జీవో 33 ప్రకారం తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా నాలుగేళ్ళు ఇక్కడే చదవాలి. సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో దాన్ని సమర్థించింది. ప్రభుత్వోద్యోగుల పిల్లల్లాంటి కొందరికి మినహాయింపులున్నాయి, అసలు పాఠం చదవాలి. పదో తరగతి అవగానే పిల్లని విజయవాడకో కోటాకో పంపుదామనుకునే ఇంటికి ఈ ముక్క ముందే చెప్పాలి. ఇంటర్ అయ్యాక చెప్తే చేసేదేం లేదు.

అర్హత మార్కుల్లో కూడా గందరగోళమే. ఈఏపీసెట్ ఇంజనీరింగ్‌కి గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్ళకి 40. జేఈఈ మెయిన్ ద్వారా ఎన్ఐటీ కావాలంటే ఇంటర్‌లో 75 శాతం, లేదా బోర్డులో పైన 20 పర్సెంటైల్. ఎస్సీ, ఎస్టీలకి ఆ 75 బదులు 65. రెండూ కలిపేసి చెప్పే కౌన్సెలర్లున్నారు.

8 గంటలు ఎలా వాడాలంటే, ప్రతి ప్రవేశ ప్రక్రియకి ఒక మనిషి. ఒకరు ఈఏపీసెట్, పాలిసెట్. ఒకరు దోస్త్ (డిగ్రీ ప్రవేశాలు), ఐసెట్, లాసెట్. ఒకరు నీట్, జేఈఈ, సీయూఈటీ లాంటి జాతీయస్థాయివి. ఎవరిది వాళ్ళు మార్పుల నోట్ రాసి, మిగతావాళ్ళకి 10 ప్రశ్నల పరీక్ష పెట్టాలి. 8 కంటే తక్కువ వచ్చినవాళ్ళు ఆ టాపిక్ మీద ఆ నెల కౌన్సెలింగ్ చేయకూడదు. కఠినమే, కానీ ఒక తప్పు కటాఫ్ వల్ల ఒక ఏడాది పోతుంది.

బాలాజీ_కూకట్‌పల్లి
ఎస్సీ గడి సంగతి, సీట్ల సంగతి ప్రిడిక్టర్లో రాదన్నది నిజమే. ఒప్పుకుంటున్న. పాత పట్టికలు అసలు వాడొద్దంటరా అయితే?

ఇమ్రాన్_టోలీచౌకి
వాడండి, ఒక్క అంకె చెప్పకండి. గత మూడేళ్ళ ఆఖరి దశ ర్యాంకులు వరసగా రాసి, వాటిలో కనిష్ఠం, గరిష్ఠం చూపండి. విద్యార్థి ర్యాంకు ఆ గరిష్ఠాన్ని దాటిన కాలేజీలు ఆశ, మధ్యలో పడినవి అవకాశం, కనిష్ఠం లోపల ఉన్నవి భద్రం. వెబ్ ఆప్షన్లలో మూడు రకాలూ ఉండాలి. భద్రమైనవి పెట్టకుండా ఆశలతోనే లిస్టు నింపితే మొదటి దశలో సీటే రాదు.

వెంకట్_ఎల్బీనగర్
పద్మజ గారు సైకోమెట్రిక్స్ కోసేయమన్నారు, నేను ఒప్పుకోను. తప్పు ఎక్కువ జరిగేది రిపోర్టు చదవడంలోనే.

టీ-స్కోరు (చాలా పరీక్షల రిపోర్టుల్లో వాడే ప్రామాణిక స్కోరు) ఉదాహరణ చూడండి. సగటు 50, ప్రామాణిక విచలనం 10. మాన్యువల్‌లో విశ్వసనీయత (స్కోరు ఎంత నిలకడగా వస్తుందో చెప్పే అంకె) 0.84 అని ఉందనుకోండి. ఒకటిలోంచి 0.84 తీసేస్తే 0.16, దాని వర్గమూలం 0.4, పదితో గుణిస్తే 4. ఇదే కొలతలోని ప్రామాణిక దోషం. 58 వచ్చిన పిల్ల అసలు స్కోరు 95 శాతం నమ్మకంతో సుమారు 50కీ 66కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. రెండు ఉపపరీక్షల్ని పోల్చాలంటే 4ని 1.414తో గుణించాలి, 5.66 వస్తుంది. దాన్ని 1.96తో గుణిస్తే 11. అంటే మెకానికల్ 60, వెర్బల్ 52 వచ్చిందని చూసి 'మీవాడు మెకానికల్ మనిషి' అనడానికి ఆధారం లేదు, తేడా 8 మాత్రమే. ఈ లెక్క చేతితో వేయడం రాని కౌన్సెలర్ రంగురంగుల బార్ గ్రాఫ్ ఎవరికీ చూపించకూడదు.

మాన్యువల్ లేని పరీక్ష కొనొద్దు. నార్మ్స్ (స్కోరును పోల్చి చూసే ప్రమాణాలు) ఎవరి మీద తీశారు, ఏ ఏడాది, ఏ మీడియం పిల్లలు అని అడగండి. అమ్మేవాళ్ళు తడబడితే ఫోన్ పెట్టేయండి. వేలిముద్రలతో ప్రతిభ చెప్తామనే డీఎంఐటీకి శాస్త్రీయ ఆధారం లేదు. స్కూళ్ళకి కమిషన్ ఆశ చూపి అమ్ముతున్నారు. ఆ శిక్షణకి వెళ్ళిన గంటల్ని సున్నా వేయండి.

ఆసక్తుల పరీక్షకయితే అమెరికా కార్మిక శాఖ వారి ఓ-నెట్ ఇంటరెస్ట్ ప్రొఫైలర్ షార్ట్ ఫామ్ ఉచితం, 60 అంశాలు, మనస్తత్వవేత్త హాలండ్ చెప్పిన ఆరు ఆసక్తి రకాల మీద కట్టినది. కానీ పనులన్నీ అమెరికా పనులు. తెలుగు మీడియం పిల్లలకి ఇచ్చే ముందు ఐదుగురిని కూర్చోబెట్టి ఒక్కో అంశం చదివించి, ఏం అర్థమైందో వాళ్ళ మాటల్లో చెప్పించండి. ముగ్గురు తప్పుగా అర్థం చేసుకున్న అంశం మార్చాలి. అప్పుడు అది ప్రామాణిక పరీక్షగా మిగలదు, మాట మొదలుపెట్టడానికి ఒక సాధనం మాత్రమే. ఆరు స్కోర్లూ సమానంగా వచ్చాయంటే ఆసక్తి లేదని కాదు, చాలాసార్లు ఆ పనులు చూసే అవకాశమే రాలేదని. అక్కడ ఇంకో పరీక్ష పెట్టకండి, పని చూపించండి.

మాధవి_ఈసీఐఎల్
వెంకట్ గారు 'పని చూపించండి' అన్నారు. ముందు కౌన్సెలర్ చూడాలి కదా. నగరంలో ఉండి కూడా బాలానగర్ సీఐటీడీ (టూల్ డిజైన్ నేర్పే కేంద్ర సంస్థ) లోపలికి అడుగుపెట్టని కౌన్సెలర్లు పదో తరగతి పిల్లలకి డిప్లొమాల గురించి చెప్తున్నారు. అక్కడ టూల్, డై అండ్ మౌల్డ్ మేకింగ్ డిప్లొమా నాలుగేళ్ళది, పాలిటెక్నిక్‌లా మూడేళ్ళు కాదు. ఇది తెలియక చేర్పిస్తే మూడో ఏడాది చివర్లో ఇంట్లో గొడవ. మల్లేపల్లి ఐటీఐలో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్, చర్లపల్లి సిపెట్ (ప్లాస్టిక్స్ సాంకేతిక సంస్థ) కూడా లిస్టులో పెట్టుకోండి. మేధో వైకల్యం ఉన్న పిల్లలకి దారి చెప్పాలంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్ఐఈపీఐడీ (వాళ్ళ కోసం పనిచేసే జాతీయ సంస్థ) తప్పనిసరి.

విజిట్‌కి 3 గంటలు, ఏడాదికి రెండు, మొత్తం 6. మిగతా 3 గంటలు అంకెలు చదవడానికి. ప్రిన్సిపాల్ గదిలో టీ, పవర్‌పాయింట్, గ్రూప్ ఫొటో అయితే అది విజిట్ కాదు. వర్క్‌షాప్‌లో ఉన్న పిల్లల్నీ, పని నేర్పే ఇన్‌స్ట్రక్టర్‌నీ అడగాలి: బ్యాచ్‌లో ఎంతమంది చేరారు, ఎంతమంది మిగిలారు, మానేసినవాళ్ళు ఎందుకు మానేశారు? మొదటి జీతం చేతికి ఎంత వస్తోంది? షిఫ్టులు, నిలబడి చేసే గంటలు, రంగులు గుర్తుపట్టలేకపోతే కుదరని పనులేవి? ఆడపిల్లలకి హాస్టల్, రాత్రి బస్సు? వచ్చాక 48 గంటల్లోపు ఒక పేజీ రాయకపోతే ఆ గంటలు పోయినట్టే. ఆ పేజీ మీద వృత్తి కోడ్ కూడా వేయండి. జాతీయ వృత్తుల వర్గీకరణ 2015 కోడ్‌లో 8 అంకెలుంటాయి, మొదటి నాలుగు అంతర్జాతీయ వర్గీకరణతో కలుస్తాయి. ఉదాహరణకి 2512 సాఫ్ట్‌వేర్ డెవలపర్లు. కోడ్ ఉంటే నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్లోనూ బయటి డేటాలోనూ ఒకే పనిని వెతుకుతున్నామని నమ్మకం.

అంకెల సంగతి. కాలేజీ బ్రోచర్లో 93 శాతం ప్లేస్‌మెంట్ అని ఉందనుకోండి. ఎన్ఐఆర్ఎఫ్‌కి (కేంద్రం ఇచ్చే కాలేజీల ర్యాంకింగ్) కాలేజీలు ఇచ్చే పట్టిక తెరవండి: మొదటి ఏడాది చేరినవాళ్ళు, గడువులోపు పాసైనవాళ్ళు, ఉద్యోగం వచ్చినవాళ్ళు, మధ్యస్థ జీతం, పై చదువులకి వెళ్ళినవాళ్ళు వరసగా ఉంటాయి. 480 మంది చేరి, 390 మంది టైముకి పాసై, 260 మందికి ఉద్యోగం వచ్చిందనుకుందాం. బ్రోచర్ లెక్కలో హారంలో పెట్టింది 'అర్హులైన' 280 మందిని, అందుకే 93. చేరినవాళ్ళతో చూస్తే 54. రెండూ అబద్ధం కాదు, కానీ తండ్రి ఫీజు కట్టేది చేరేటప్పుడు. పై చదువులకి వెళ్ళినవాళ్ళని విడిగా చూపడం మరవొద్దు, లేకపోతే కాలేజీకి అన్యాయం చేసినట్టవుతుంది. సగటు జీతం పట్టించుకోకండి, ఒకరిద్దరికి పెద్ద ప్యాకేజీ వస్తే అది పైకి లేస్తుంది.

శ్రీలత_తార్నాక
చాలా ఉపయోగంగా ఉంది, అందరికీ థాంక్స్. మూడు సందేహాలు. రికార్డింగ్ అంటున్నారు, మా పిల్లలంతా 18 లోపే. సర్టిఫికెట్ కోర్సుల్లో డబ్బు పెట్టదగ్గది ఏదైనా ఉందా? లాగ్‌లో ఏం రాయాలి?

పద్మజ_సైకాలజీ
డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, దశలవారీగా అమలు. 18 నిండనివాళ్ళ డేటాకి తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన అనుమతి కావాలి. ఇంటర్ పిల్లలంటే దాదాపు అందరూ. గడువు వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే అలవాటు చేసుకోండి.

అడ్మిషన్ ఫారంలో కలిపేసిన ఒకే సంతకం పనికిరాదు. కౌన్సెలింగ్‌కి ఒక టిక్, రికార్డింగ్‌కి వేరే టిక్, రెండోదానికి వద్దన్నా మొదటిది ఆగదని రాయాలి. విద్యార్థి సంతకం కూడా తీసుకోండి. వీడియో వద్దు, ఆడియో చాలు. సొంత ఫోన్‌లో కాకుండా కాలేజీ రికార్డర్‌లో చేయండి, ఫోన్లో అయితే దానంతటదే క్లౌడ్‌కి పోతుంది. సమీక్ష అయిన 30 రోజుల్లో చెరిపి, చెరిపిన తేదీ రాయండి. అనుమతి రాకపోతే కౌన్సెలర్లు ఇద్దరు విద్యార్థి, కౌన్సెలర్ పాత్రలు వేసి సాధన చేయొచ్చు, అంత మేలు కాకపోయినా. టెస్టు రిపోర్టులు తరగతి వాట్సాప్ గ్రూపులో పెట్టడం వెంటనే ఆపించండి.

రఘురాం_నల్లకుంట
కోర్సు సంగతి: ఎన్సీఈఆర్‌టీ వారి గైడెన్స్ అండ్ కౌన్సెలింగ్ డిప్లొమా ఒక ఏడాదిది. 6 నెలలు దూరవిద్య, 3 నెలలు ముఖాముఖి, 3 నెలలు ఇంటర్న్‌షిప్. మనకి దగ్గర కేంద్రం మైసూరు ప్రాంతీయ విద్యా సంస్థ. ముఖాముఖి 3 నెలలు సెలవు దొరుకుతుందా అన్నదే అసలు ప్రశ్న, ముగ్గురిలో ఒకర్ని పంపితే మిగతా ఇద్దరి మీద పని పడుతుంది. ముందే తాత్కాలిక మనిషిని అడగండి. 'రెండు రోజుల్లో సర్టిఫైడ్ కెరీర్ కోచ్' లాంటివాటికి డబ్బు పెట్టకండి. అక్కడ అమ్మేది చాలావరకు ఏదో టెస్టు ఫ్రాంచైజీ.

లాగ్‌లో ఏడు గడులు: తేదీ, గంటలు, ఏ లోటు కోసం, ఏం చేశాం, పనిలో ఏం మారింది, రుజువు ఎక్కడుంది, 90 రోజుల తర్వాత ఆ మార్పు నిలిచిందా. చివరి గడి ఖాళీగా ఉంటే సగం గంటలే లెక్క. పనికిరాని ఎంట్రీ ఇలా ఉంటుంది: 'కెరీర్ ట్రెండ్స్ వెబినార్, 2 గంటలు, చాలా బాగుంది.' పనికొచ్చేది ఇలా: 'సెప్టెంబరు, 1.25 గంటలు, సలహా తొందరగా ఇస్తున్నామన్న లోటు, కేసు సమీక్ష. మొదటి సలహా 4వ నిమిషంలో వచ్చినట్టు తేలింది. ఇకపై కోర్సు పేరు ఎత్తేముందు విద్యార్థి ప్రశ్నను వాళ్ళ మాటల్లోనే తిరిగి చెప్పాలి. రుజువు: లెక్కల షీటు. డిసెంబరు: మూడు రికార్డింగుల్లో 11, 9, 14వ నిమిషం.' వెబినార్ వినడం తప్పు కాదు, దాంతో ఏదో ఒకటి తయారుచేస్తే పూర్తి గంటలు, లేకపోతే సున్నా.

పద్మజ గారి వాదనకి లొంగి నైతికత, సిద్ధాంతం కలిపి 8 చేస్తున్నాను, ప్రవేశ నిబంధనల్లోంచి 1, మార్కెట్లోంచి 1, సైకోమెట్రిక్స్‌లోంచి 1 తీసి. వెంకట్ గారు తిట్టొచ్చు.

వెంకట్_ఎల్బీనగర్
5 గంటలు చాలు, కాకపోతే అందులో 2 గంటలు ఆ దోషం లెక్క కాగితం మీద వేయించాలి.

మాధవి_ఈసీఐఎల్
మార్కెట్లో తీస్తే అంకెల గంట తీయండి, విజిట్ గంటలు ముట్టుకోకండి. క్యాలెండర్ కూడా చూసుకోండి. ఇంటర్ పరీక్షలు ఫిబ్రవరి, మార్చి. ఏప్రిల్ నుంచి జూలై దాకా ఫలితాలు, ఈఏపీసెట్, దోస్త్‌తో ఊపిరాడదు. మొత్తం శిక్షణ ఆగస్టు నుంచి జనవరి లోపు పెట్టి, ఫిబ్రవరి, మార్చిల్లో కేసు సమీక్షలు మాత్రం నడపండి. మే నెలకి ఒక్క గంట కూడా రాయకండి, అది కాగితం మీదే ఉంటుంది.

బాలాజీ_కూకట్‌పల్లి
ఇమ్రాన్ భాయ్, పాత ఏడాదుల చివరి ర్యాంకుల పీడీఎఫ్‌లు అధికారిక సైట్లో ఎప్పుడూ ఉంటయా? మూడేండ్లవి అన్నరు కదా.

ఇమ్రాన్_టోలీచౌకి
ఉంటాయని నమ్ముకోవద్దు. ప్రతి దశ కేటాయింపు వచ్చిన రోజే దించుకుని, ఫైలు పేరులో సంవత్సరం, దశ, తేదీ పెట్టి డ్రైవ్‌లో దాచండి. ఎవరో వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్ అయితే దశ ఏదో పై పేజీలో చూశాకే తీసుకోండి. ముగ్గురిలో ఈఏపీసెట్ చూసే మనిషిదే ఆ పని.